పరుపు: ఆడంబరమా? అవసరమా?

పెండ్లి నిశ్చయమైన ఇంట జహేజ్ పట్టీ వ్రాయడానికి పెద్దలు కూర్చున్నప్పుడు మంచము, బీరువాల తరువాతి పంక్తి పరుపుది. 1961వ సంవత్సరం నుండి కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ చట్టరీత్యా నేరాలే అయినప్పటికీ ఆ పట్టీ వ్రాయడం మాత్రం నేటికీ ఆగలేదు. అది వేరొక వ్యాసానికి తగిన విషయం. నేను ఇక్కడ మనవి చేయదలచినది ఆ ఒక్క పంక్తిని గురించి మాత్రమే. మంచం కొలతను గురించి, బీరువా తలుపుల సంఖ్యను గురించి గంటల తరబడి చర్చించే పెద్దలు పరుపు దగ్గరకు వచ్చేసరికి "మంచి కంపెనీది" అని రెండు మాటలు వ్రాసి ఊరుకుంటారు. ఆ రెండు మాటల ఖరీదు కొన్ని వేల రూపాయలు. చాలా ఇండ్లలో ఆ వేలు అప్పు తెచ్చినవి, లేదా నెలనెలా వాయిదాలుగా చెల్లించవలసినవి. నూతన దంపతులు ఆ పరుపుపై సుఖంగా నిద్రించే రాత్రులలో వధువు తండ్రికి నిద్ర ఉండదు.

పెండ్లి మాట అటుంచితే, పల్లెల నుండి వచ్చి పట్టణాలలో అద్దె గదులలోనూ వసతిగృహాలలోనూ ఉండి చదువుకునే విద్యార్థినీ విద్యార్థులకు కూడా ఇది నిత్యావసర సమస్యయే. చాప మీద మూడేండ్లు గడిపి నడుము నొప్పితో పట్టా పుచ్చుకున్నవారు ఉన్నారు. స్నేహితుల ముందు చిన్నతనమని స్కాలర్‌షిప్పు సొమ్మంతా మెత్తని పరుపుకు పోసి ఏడాది తిరగకుండా అది నడుమ గుంతపడితే విచారించినవారూ ఉన్నారు. పరుపును కొనే మనిషి తన దేహాన్ని, తన మంచాన్ని, తన ఊరి ఎండను, తన జేబును చూచి కొనాలే గాని పక్కింటివారి పడకగదిని చూచి కొనరాదని నా దృఢమైన అభిప్రాయం.

మహాప్రవక్త ముహమ్మద్ (స) వారి పడక ఖర్జూర నార నింపిన తోలు పరుపని హజ్రత్ ఆయిషా (ర) తెలియజేసినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. మనమందరమూ నారపైనే పడుకోవాలని దీని భావం కాదని పండితులు చెప్పనక్కరలేదు. అయితే అరేబియా అంతటా మాట చెల్లిన మహనీయుని గౌరవం పడక మందాన్ని బట్టి నిర్ణయం కాలేదన్న సంగతి మాత్రం జహేజ్ పట్టీ వ్రాసే చేతికి ఒక్క క్షణం గుర్తుకు రావాలి.

ఇక మన నేలపై పరుపు చరిత్ర అంటే దూదేకుల వారి చరిత్రయే. పింజారీలని, నూర్‌బాషాలని కూడా పిలువబడే ఈ వృత్తి కులస్థులు మతరీత్యా ముస్లిములు. ఎక్కువమందికి మాతృభాష తెలుగు. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాల ప్రాంగణంలో వీరిని గురించి వేరుగా పరిచయం చేయవలసిన పని లేదు. విల్లును వ్రేలాడదీసి, నారిపై చెక్క గుదియతో కొడుతూ, గడ్డకట్టిన దూదిని మేఘంలా విప్పే ఆ విద్య ఈనాటిది కాదు. క్రీ.శ. 922లో బాగ్దాదులో మరణశిక్షకు గురియైన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులోని "హల్లాజ్" అనే అరబ్బీ పదానికి దూదేకువాడనే అర్థం. అటువంటి వృత్తినామమైన "పింజారి" అనే మాటను మన తెలుగువారు తిట్టుగా వాడుకోవడం మన భాషకు మచ్చ. బుర్రకథ పితామహుడుగా కీర్తింపబడిన షేక్ నాజర్ ఈ కులంలోనే జన్మించి, ఆ మాటనే తన ఆత్మకథకు పేరుగా పెట్టుకోవడంలోని ఆత్మాభిమానం గమనింపదగినది.

ఇప్పుడు విల్లు మూలబడి, విద్యుత్తుతో తిరిగే ఏకుడు యంత్రం ఆ పని చేస్తున్నది. దానిని బండి మీదనో ఆటో మీదనో ఎక్కించుకొని వీధివీధికీ తిరిగేవారు కొందరు ఉన్నారు. వారిని ఇంటి ముందుకు పిలిచి మన కళ్ళ ఎదుట కుట్టించుకున్న దూది పరుపు, తక్కువ ఆదాయం గలవారికి మొదట ఆలోచించదగిన పరుపు అని నేను అంటాను. దీనికి జాలి కారణం కాదు. దూది పరుపు చెడిపోతే బాగుచేయవచ్చు. తక్కిన పరుపులు చెడిపోతే పారవేయవలసినదే. ఏండ్లు గడిచేకొద్దీ శరీరభారానికి దూది నార అణగి, మధ్యనున్న గాలి పోయి, పరుపు ముద్దకడుతుంది. విప్పి ఏకిస్తే ఆ దూదియే మళ్ళీ పొంగుతుంది. తరిగినమేరకు ఒకటి రెండు కిలోలు కొత్త దూది చేర్చి, గుడ్డ చిరిగితే గుడ్డ మార్చుకుంటే సరిపోతుంది.

అయితే దూదిలోనూ మోసం లేకపోలేదు. మంచి పత్తి పైన పరచి, మిల్లు రద్దీని, చింకి గుడ్డల పీచును, కృత్రిమ నారను నడుమ దాచే వ్యాపారులు ఉన్నారు. అందుకే కుట్టి సిద్ధంగా ఉంచిన పరుపును కొనడం కంటె దూదిని విడిగా తూకం వేయించి కుట్టించుకోవడం మేలు. ఒక మనిషి పడుకునే ఆరడుగుల పరుపుకు సుమారు 10 కిలోల దూది పడుతుంది. నడుమనుండి చిటికెడు తీసి, దూరంగా తీసుకువెళ్ళి అగ్గిపుల్లతో అంటిస్తే గుట్టు బయటపడుతుంది. పత్తి అయితే కాగితం కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద మిగులుతుంది. పాలియెస్టరు అయితే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. బూరుగు దూది తేలికగా, నునుపుగా ఉండి దిండ్లకు చక్కగా పనికివస్తుంది గాని, దాని నార పెళుసు. రోజూ మనిషి బరువు మోసే పరుపులో అది కొంతకాలానికి పొడి అవుతుంది. గుడ్డ మాత్రం చిక్కని నేతది తీసుకోవాలి, లేనిచో పీచు బయటకు వస్తుంది. పైన గలేబు తప్పనిసరి. (గిలాఫ్ అన్న మాట మన నోట గలేబుగా స్థిరపడినది. రెండు భాషలు ఒకే పరుపు మీద పడుకున్నాయనడానికి ఇంతకంటె నిదర్శనం ఏమి కావాలి!)

కొబ్బరి పీచు పరుపుల గురించి చెప్పవలసినది కొంచెమే. పీచును రబ్బరు పాలతో తడిపి అచ్చులో అదిమి చేస్తారు. గట్టిగా ఉంటుంది, గాలి ఆడుతుంది, ఎండాకాలంలో ఒళ్ళు కాలదు. కొన్నేండ్లకు నడుమ కుంగితే మరమ్మతు లేదు. నారపొర పలుచగా వేసి మిగిలినదంతా చౌక నురుగు నింపినవి కూడా "కాయిర్" అనే పేరుతోనే అమ్ముడుపోతాయి గనుక గొలుసు తీసి లోపలి పొరలు చూపించమని అడగడానికి మొగమాటపడరాదు.

నురుగు పరుపుల విషయంలో మాత్రం కొంత విస్తరించి చెప్పక తప్పదు. ఎందుకంటే ప్రజలు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. మన ఊళ్ళలో నురుగు పరుపులన్నిటినీ "డన్‌లప్" అని పిలవడం అలవాటు. 1929లో డన్‌లప్ సంస్థలో కనుగొన్నది రబ్బరు పాలను గిలకొట్టి తయారు చేసే నురుగు. ఈనాడు చౌకగా దొరికేది చాలావరకు పాలీయురితేన్ అనే రసాయన పదార్థపు నురుగు. పేరు ఒకటే, సరుకు వేరు. దీని మన్నిక తెలుసుకోవడానికి సాంద్రత ముఖ్యమైన గుర్తు: ఒక ఘనపు మీటరు నురుగు ఎన్ని కిలోలు తూగుతుందో అదే దాని సాంద్రత. అంగడివారు చెప్పిన సాంద్రతను నమ్మవలసిన అవసరం లేదు. తక్కెడ ఉంటే చాలు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం గల పరుపు ఘనపరిమాణం సుమారు 0.17 ఘనపు మీటరు. సాంద్రత 32 అయితే నురుగు ఒక్కటే దాదాపు 5.4 కిలోలు, 40 అయితే 6.8 కిలోలు తూగాలి. గుడ్డ బరువు పోగా మూడు కిలోలే తూగినదంటే సాంద్రత 18 మాత్రమే అన్నమాట. అది అతిథి రెండు రాత్రులు పడుకోవడానికి సరిపోతుందేమో గాని నిత్యశయనానికి పనికిరాదు. పాఠశాలలో నేర్చుకున్న ఘనపరిమాణపు లెక్క ఇంతకంటె బాగా ఉపయోగపడే సందర్భం గృహస్థ జీవితంలో అరుదు. సాంద్రతకు, మెత్తదనానికి సంబంధం లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. బరువైన నురుగు మెత్తగానూ ఉండవచ్చు, గట్టిగానూ ఉండవచ్చు.

"మెమరీ ఫోమ్" అనే దానిని గురించి వ్యాపార ప్రకటనలు అంతరిక్షం దాకా వెళ్తాయి. 1966లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం విమాన ఆసనాల మెత్తలకై దీనిని రూపొందించిన మాట నిజమే. కాని వేడి తగిలితే మెత్తబడడం, ఒంటి వేడిని పట్టి ఉంచడం దాని స్వభావం. మే నెలలో పంకా తప్ప వేరే చల్లదనం లేని రాయలసీమ ఇంటిలో ఆ స్వభావం ఎవరికి సుఖం?

నడుము నొప్పి గలవారు బల్ల మీదనో కటిక నేల మీదనో పడుకోవాలని మన పెద్దల నమ్మకం. స్పెయిన్ దేశంలో దీర్ఘకాలపు నడుము నొప్పితో బాధపడే 313 మందిపై జరిపిన పరిశీలన 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడినది. 90 దినాల తరువాత చూడగా, బాగా గట్టి పరుపు వాడినవారికంటె మధ్యరకపు గట్టిదనం గల పరుపు వాడినవారికి ఎక్కువ ఉపశమనం కనిపించినది. అంగడిలో దీనిని పరీక్షించడం సులభమే. వెల్లకిల పడుకొని నడుము క్రింద అరచేయి దూర్చి చూడాలి. చేయి ధారాళంగా ఆడితే పరుపు మరీ గట్టిది. అసలు దూరకపోతే మరీ మెత్తది. నలుగురూ చూస్తారన్న సిగ్గు వదలి, ఎప్పుడూ పడుకునే తీరున పక్కకు తిరిగి పది నిమిషాలైనా ఉండాలి. వేల రూపాయలు పోసేవారికి పది నిమిషాలు పడుకునే హక్కు ఉన్నది.

మంచాన్ని మరచి పరుపు కొనడం మరొక పొరపాటు. కుంగిన నులక మంచం మీద ఎంత ఖరీదైన నురుగు పరచినా అదీ కుంగుతుంది. నవారు బిగించుకోవడానికి, లేదా క్రింద పలక వేయించుకోవడానికి అయ్యే స్వల్ప వ్యయం పాత పరుపునే కొన్నాళ్ళు నిలబెట్టవచ్చు.

ఖరీదును సంవత్సరాలకు పంచి చూడడం నేర్చుకోవాలి. మాటవరుసకు నురుగు పరుపు 12,000 రూపాయలై 8 ఏండ్లు మన్నితే ఏడాదికి 1,500 పడుతుంది. దూది పరుపు 5,000 రూపాయలై, మూడేండ్లకొకసారి 800 రూపాయలతో ఏకించుకుంటూ 12 ఏండ్లు వాడితే మొత్తం 7,400. ఏడాదికి 620కి లోపే. ఇవి లెక్కకట్టే పద్ధతి చూపడానికి వేసుకున్న అంకెలు. ఎవరి ఊరి ధరలు వారు వేసుకోవాలి.

దూది పరుపు బరువని, దుమ్ము రేపుతుందని, ఇంట్లో ఎత్తి ఎండలో వేసే ఓపిక గలవారు లేరని ఆక్షేపించేవారి మాటలో నిజం లేకపోలేదు. ఉబ్బసం గలవారు ఏకే చోటికి దగ్గరగా రాకపోవడమే శ్రేయస్కరం; అట్టివారికి గొలుసు గల గట్టి గలేబు తొడిగిన నురుగు పరుపే నయం. మూడవ అంతస్తు గదికి, ఏడాదికొక ఇల్లు మారే ఉద్యోగికి కూడా తేలికైన నురుగు తగును. అట్టివారు రసీదు తప్పక తీసుకోవాలి. గ్యారంటీ పత్రంలో సంవత్సరాల సంఖ్యను చూచి మురిసిపోక, ఎంత లోతు గుంత పడితే లోపంగా అంగీకరిస్తారో చదవాలి. చాలా పత్రాలలో అసలు సంగతి ఆ చిన్న అక్షరాలలోనే ఉంటుంది. మరక పడితే గ్యారంటీ చెల్లదనే షరతు కూడా తరచు అక్కడే కనిపిస్తుంది.

దూది పరుపు ఉన్నవారు మాత్రం ఏకించే పనిని వానలు పడేదాకా వాయిదా వేయరాదు. చెమ్మ పట్టిన దూది సరిగా విడిపోదు. ఏప్రిల్, మే నెలలలో రెండు రోజులు మంచి ఎండలో వేసి, తరువాత ఏకువారిని ఇంటికే పిలిపించి, విప్పిన దూదిని వారి ఎదుటనే తూచి వ్రాసుకుని, కుట్టిన తరువాత మరల తూచుకోవాలి. కూలి ముందుగానే మాట్లాడుకోవాలి. మాట్లాడుకున్న కూలిలో పని అయిన పిదప రూపాయి తగ్గించరాదు.