రెండు వాయిదాలు

మన పల్లెలలో పూర్వ మొక వింత ఆచార ముండెడిది. రాత్రివేళ దయ్యము వచ్చి తలుపు తట్టునని భయపడిన గృహస్థులు గోడమీద ‘రేపు రా’ అని వ్రాసియుంచెడివారు. దయ్యము వచ్చి, ఆ మాట చదివి, మరలిపోవునట. మరునాడు మరల వచ్చి, మరల అదే మాట చదివి, మరల మరలిపోవునట. ఆ కథ విని విద్యావంతులమగు మనము నవ్వుదుము. కాని నేడు మన పట్టణములలోని విద్యావంతులే టాబ్లెట్టు అను పలకయంత్రమును కొనవలెనని అంగడి వాకిటివరకు పోయి, అచ్చట ఎవరో వ్రాసిన ‘రేపు రా’ అను మాటను చదువుకొని, సంవత్సరముల తరబడి మరలి వచ్చుచున్నారు. నవ్వవలసినది దయ్యమును జూచియా, మనలను జూచియా?

ఈ విషయమున మన ఊర రెండు పక్షములు కలవు. ‘ఇప్పుడే కొనుము, పండుగ తగ్గింపు రేపటితో సరి, చేత రొక్కము లేకున్న వాయిదాలలో చెల్లింపుము’ అనునది మొదటి పక్షము. ‘తొందరపడకుము, క్రొత్త నమూనా రానున్నది, వెల తగ్గనున్నది, మరి రెండు నెలలు ఓపికపట్టుము’ అనునది రెండవ పక్షము. నేను న్యాయవాదిని. ఇరువదియేండ్లుగా వాయిదా యను మాటను ప్రతిదినము వినుచున్నాను. మన భాషలో ఆ మాటకు రెండర్థములు కలవు. అప్పు తీర్చు కంతు ఒకటి. వ్యాజ్యమును వెనుకకు నెట్టు గడువు రెండవది. మొదటి పక్షమువారు మొదటి వాయిదాకు బానిసలు. రెండవ పక్షమువారు రెండవ వాయిదాకు బానిసలు. ఈ ఇరువురికిని పంచాంగము వ్రాసియిచ్చువాడు మాత్రము ఒక్కడే. అతడు ఆ యంత్రమును చేసి అమ్ము వర్తకుడు.

ఇది కలవారి వినోదములను గూర్చిన చర్చ యని ఎవరైన తలపవచ్చును. కాదు. మా పఠనమందిరమువారము 2022 వేసవిలో చందాలు ప్రోగుచేసి నలువదివేల రూపాయలు కూర్చితిమి. ఆ సొమ్ముతో రెండు పలకలు కొని, పోటీపరీక్షలకు చదువుకొను బీద విద్యార్థులకు అందుబాటులో నుంచవలెనని తీర్మానించితిమి. అంతర్జాలమున ఉచితముగా దొరకు పాఠములను, పాత తెలుగు గ్రంథములను అరచేతి ఫోనులో చదువజాలక కన్నులు చికిలించుకొను పిల్లలను మేము దినదినమును చూచుచుంటిమి. తీర్మానమైన మరుసటి సభలోనే ఒక సభ్యుడు లేచి ‘దసరా దీపావళుల నడుమ క్రొత్తది వచ్చునట’ అనెను. అది వచ్చెను. అప్పు డింకొకరు ‘పాతదాని వెల ఇంకను తగ్గును, ఆగుడు’ అనిరి. తరువాత ‘బడ్జెట్టు రానిండు’ అనిరి. ఆ మీదట ‘పన్ను తగ్గునట’ అనిరి. సొమ్ము బ్యాంకులోనే యున్నది.

ఆ పిల్లలలో ఒకడు మార్కెట్టుయార్డులో బస్తాలు మోయువాని కుమారుడు. అద్దము పగిలిన ఫోనుతో కుస్తీపట్టుచు రెండేండ్లు మా మందిరమునకు వచ్చెను. పరీక్షకు వయఃపరిమితి దాటెను. నేడు తండ్రి వెంట తానును బస్తాలు మోయుచున్నాడు. పలక యుండినయెడల అతడు ఉద్యోగి యయ్యెడివాడని నేను ప్రమాణము చేయజాలను. కాని ఆ రెండేండ్లును అతనికి మేమిచ్చిన సమాధానము ‘రేపు రా’ అనునదియే యని ఏ బోనులో నిలిచియైనను ప్రమాణము చేయగలను. ఆ సభలలో వాయిదాకు చేయెత్తినవారిలో నేనును ఒకడను.

కావున నిరీక్షణవాదుల సాక్ష్యమును కొంచెము అడ్డుసవాలు చేయుదము. వారు మొదట బోనెక్కించునది 2012 సంవత్సరమును. ఆ మార్చిలో ఆపిల్ కంపెనీ మూడవతరపు ఐప్యాడును అమ్మకమునకు పెట్టెను. ఎనిమిది నెలలు నిండకయే, నవంబరులో, అంతకంటె వేగముగల నాల్గవతరమును అదే వెలకు అంగడిలో నిలిపెను. మార్చిలో కొన్నవాడు నలుగురిలో నవ్వులపాలయ్యెను. నిజమే. కాని ఆ నవ్వులపాలైనవాని పలక తరువాత నేమయ్యెను? 2015 సెప్టెంబరులో వెలువడిన తొమ్మిదవ ఐఓఎస్ వరకును క్రొత్త వ్యవస్థల నన్నింటిని అది స్వీకరించెను. వెనుక వచ్చిన నాల్గవతరమునకు దానికంటె అధికముగా దక్కినది మరియొక్క వ్యవస్థ మాత్రమే. ముందు కొన్నవాడు ఎనిమిది నెలలు ముందుగా చదువుకొనెను, వ్రాసికొనెను, పని నెరవేర్చుకొనెను. ఆ ఎనిమిది నెలలను లెక్కలో వేయువా డెవడు?

వారి రెండవ సాక్షి పన్ను. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి వస్తుసేవల పన్ను రేట్లు మారినవి. శీతలయంత్రములకును, పెద్ద టెలివిజనులకును 28 శాతము 18 అయ్యెను. ఆ వార్త చెవినిబెట్టుకొని పలకలకై ఆగినవా రెందరో! పలకలకు మునుపు 18 శాతమే, తరువాతను 18 శాతమే. మూడవ సాక్షి, యంత్రముల వెలలు ఏటేట తగ్గుచుండునను నమ్మకము. కృత్రిమమేధకై కట్టుచున్న మహాయంత్రశాలలు మెమరీ చిప్పులను కబళించుటచేత 2025 చివరి నెలలలో వాని ధరలు ఎగబ్రాకినవి. ఫోనులో నుండునదియు, పలకలో నుండునదియు ఆ చిప్పులే. వేచియున్నవానికి వెల తగ్గితీరునని కాలపురుషు డెవనికిని దస్తావేజు వ్రాసియీయలేదు.

అట్లని తొందరపాటును నేను సమర్థించుటలేదు. దానికిని చరిత్రలో తగిన శిక్షలు పడినవి. హ్యూలెట్ పాకార్డ్ కంపెనీ 2011 జూలై 1న టచ్‌ప్యాడ్ అను పలకను అమెరికాలో 499 డాలర్లకు అమ్మ నారంభించి, ఆగస్టు 18న దానిని మానివేయుచున్నా మని ప్రకటించెను. నిలువయున్నవానిని 99 డాలర్లకు తెగనమ్మెను. 2010 ఏప్రిలులో అంగడికెక్కిన మొట్టమొదటి ఐప్యాడునకు 2012 సెప్టెంబరునాటి ఆరవ ఐఓఎస్ దక్కలేదు. రెండున్నర ఏండ్లలోనే అది వెనుకబడెను. తొలిచూలు యంత్రమును ఎగబడి కొనరాదనుటకు ఇవి చాలును.

మన ఇంటి కథయే యొకటి గలదు. 2010 జూలైలో కేంద్రమంత్రి కపిల్ సిబల్ గారు 35 డాలర్ల పలక నొకదానిని దేశమునకు చూపిరి. దేశమంతయు ముక్కున వ్రేలువేసికొనెను. అది ‘ఆకాశ్’ అను పేర 2011 అక్టోబరు 5న వెలువడెను. కూర్చినది మన హైదరాబాదులోనే. కాని దానిలోని ప్రాసెసరు 366 మెగాహెర్ట్జులది, మెమరీ 256 మెగాబైట్లు. తెర వ్రేలి స్పర్శకు పలుకదు, నొక్కినగాని కదలదు. 2012 నవంబరులో రెండవ ఆకాశ్ వచ్చెను. పిదప ఆ ఉత్సాహము చల్లారెను. అంగడికి రాని వస్తువుకై, వాగ్దానమును నమ్ముకొని, చేతిలోని పని నాపుకొనరాదని ఆ కథ నేర్పును. వెల యొక్కటియే చూచి మురియరాదని కూడ నేర్పును.

ఇక కంతుల వాయిదాను గూర్చి నా స్వానుభవ మొకటి విన్నవింతును. కొన్నియేండ్ల క్రిందట ఒక దసరా తగ్గింపులో, వడ్డీలేని వాయిదాల పద్ధతిని, చవుకపలక యొకటి కొంటిని. వాయిదాలు ముగిసిన సంవత్సరములోనే దానికి భద్రతాసవరణలు వచ్చుట నిలిచిపోయెను. తరువాత బ్యాటరీ ఉబ్బెను. మరమ్మతునకు తీసికొనిపోగా ఆ భాగము దొరకదనిరి. ‘క్రొత్తది కొనుడు, వాయిదాలు కలవు’ అనిరి. వడ్డీలేని అప్పు లోకమున గలదా? సున్నవడ్డీ యను భావనయే లేదనియు, ఆ పేర వసూలగు రుసుములలో వడ్డీ దాగియుండుననియు భారత రిజర్వుబ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను మందలించెను. అప్పుచేసి పప్పుకూడు తినుట మన పెద్దలు ఎరిగినదే. కాని అప్పు తీరునప్పటికి పప్పు పాచిపోవు కాల మిది.

కనుక ‘ఇప్పుడా, తరువాతనా’ అనునది మన ప్రశ్న గాదు. అది వర్తకుడు మన నోట పలికించు ప్రశ్న. మనము అడుగవలసినవి వేరు. ఈ యంత్రము లేక నేడు ఆగిన పని యేది? దీనికి ఎన్నియేండ్లు సవరణలు వచ్చును? బ్యాటరీ చచ్చిననాడు మన ఊర మార్చువా డెవడు, ఏ వెలకు?

ఈ చివరి రెండు ప్రశ్నలను వర్తకుని దయకు విడువక చట్టము చేత అడిగించిన దేశములు గలవు. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20నుండి ఫోనులకును, పలకలకును క్రొత్త నిబంధనలు అమలులోనికి వచ్చినవి. బ్యాటరీ 800 మారులు నిండుగా నింపి వాడిన పిదపను తన మొదటి శక్తిలో 80 శాతమైన నిలుపుకొనవలెను. అమ్మకము ఆపిన తరువాత ఏడేండ్లు ముఖ్యమైన విడిభాగములు దొరకవలెను. ఐదేండ్లకు తక్కువగాక వ్యవస్థాసవరణలు అందింపవలెను. మనమో? మన ప్రభుత్వము 2022లో ‘మరమ్మతు హక్కు’ అను పేర అంతర్జాలమున నొక వేదికను తెరచెను. ఫోనులు, పలకలు ఎంత సులభముగ బాగుచేయవచ్చునో తెలుపు సూచికను గూర్చి ఒక సంఘమును నియమించెను; ఆ సంఘము 2025 మేలో నివేదిక నొసగెను. నివేదికలు చదువుటకు మాత్రమేనా? బెర్లినులో కొన్నవాని కున్న హక్కు బెజవాడలో కొన్నవానికి ఏల యుండరాదు? ఇరువురును ఇచ్చునది సొమ్మే గదా! వెల తగ్గింపుకై మూడేండ్లు వేచియుండగల మన ఓపికలో మూడవవంతు ఈ హక్కును అడుగుటకు వినియోగించితిమేని ఏనాడో సాధించియుందుము.

నా తీర్పు సులభము. పని ఆగియున్నదా, చేత రొక్క మున్నదా, నేడే కొనుడు. సవరణల గడువును వ్రాతమూలముగా అడిగి కొనుడు. పని లేదా, సగము వెలకు వచ్చినను కొనకుడు. క్రొత్త నమూనా వచ్చు తేదీ ప్రకటింపబడి, అది నెలలోపల నున్నయెడల మాత్రమే వేచియుండుడు. ఊహకు వాయిదా ఈయకుడు. కొన్న పిమ్మట అంగడివంక చూడకుడు. మరునాడు వచ్చు క్రొత్తదానితో మీ చేతిలోనిది పాతబడదు, దానితో చేయు పని మానిననాడే పాతబడును.

మన గ్రంథాలయోద్యమపు పెద్దలు ఇట్టి వాయిదాల నెరుగరు. 1935లో పాతూరి నాగభూషణము గారు చక్కని రోడ్లు వేయువరకు, మోటారుబండి దొరకువరకు ఆగలేదు. కాలువ యున్నది, పడవ యున్నది. పుస్తకములను పడవ కెక్కించి పల్లెలకు పంపిరి. ఆ పడవకంటె మేలైన వాహనము తరువాత రాలేదా? వచ్చెను. అయినను ఆ పడవనుండి పుస్తకము అందుకొన్నవాడు ఆనాడే చదివెను.

వచ్చు సర్వసభ్యసమావేశమున, మూలుగుచున్న నలువదివేలతో రెండు పలకలు ఆ వారమే కొనవలెనని నేను తీర్మానము ప్రతిపాదింపనున్నాను. వాయిదా కోరువారు లేచి కోరవచ్చును. అయితే వారు నన్నుగాక, మెట్లమీద ఫోను పట్టుకొని కూర్చున్న పిల్లవానిని చూచి, ‘రేపు రా’ అని తమ నోటితో చెప్పవలెను. చెప్పగలరా?