కోట్లతో కార్ల పందేలు. నేర్చుకునే చోటు మాత్రం కరవు

రాయపూర్: ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌ను ఆనుకొని వెలసిన నవా రాయపూర్ రహదారులను చూసినవారెవరైనా ముచ్చట పడక మానరు. రేపటి రద్దీని ఊహించి నిర్మించిన ఆరు వరుసల దారులవి. రద్దీ ఇంకా ఊహలోనే ఉన్నందున సాయంత్రం కార్యాలయాలు మూతపడిన తరువాత అవి దాదాపు నిర్మానుష్యంగా ఉంటాయి. ఖాళీ దారి, శక్తిమంతమైన వాహనం, పాతికేళ్ల వయస్సు - ఈ మూడూ కలిసిన చోట ఏమి జరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు. కార్లతో, మోటారు సైకిళ్లతో విన్యాసాలు, పందేలు సాగుతున్నాయన్న ఫిర్యాదులు రాయపూర్ పత్రికలలో తరచూ కనిపిస్తూనే ఉన్నాయి. బిలాస్‌పూర్ సమీపంలో ఖరీదైన కార్లు జాతీయ రహదారిని ఆక్రమించి వీడియోలు తీసుకున్న ఉదంతాన్ని 2025 జులైలో రాష్ట్ర హైకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. స్వల్ప జరిమానాలతో సరిపెట్టిన పోలీసుల తీరును తప్పుపట్టింది.

న్యాయస్థానం ఆగ్రహం సమంజసమే. అయితే ఈ వ్యవహారంలో ఎవరూ వేయని ప్రశ్న ఒకటి మిగిలిపోయింది. పందెంలో పాల్గొనాలన్న కోరిక ఉండి, చట్టాన్ని మీరడం ఇష్టంలేని యువకుడు రాయపూర్‌లో ఎక్కడికి వెళ్లాలి? క్రికెట్ ఆడదలచిన వానికి వీధి చివర మైదానముంది. ఈత నేర్చుకోదలచిన వానికి మునిసిపల్ కొలను ఉంది. మోటారు పందేలు నేర్చుకోదలచిన వానికి మాత్రం రాష్ట్రంలో ఒక్క శాశ్వత ట్రాక్ లేదు.

మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ బహిరంగ ప్రదేశాల్లో వేగపు పందేలను నిషేధిస్తున్నది. 2019 సవరణ తరువాత మొదటిసారి పట్టుబడినవారికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ పట్టుబడితే శిక్ష ఏడాది వరకు, జరిమానా 10,000 వరకు పెరుగుతుంది. ఈ సెక్షన్‌లో చాలామంది గమనించని మాట ఒకటున్నది. 'రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా' జరిపే పందేలనే అది నేరంగా పరిగణిస్తుంది. అంటే అనుమతించే అధికారం కూడా ప్రభుత్వానిదే. ఆ అధికారాన్ని ఎవరి కోసం, ఏ స్థాయి పందేల కోసం వాడుతున్నారన్నదే అసలు విషయం.

దేశంలో పేరున్న పందెపు ట్రాక్‌లను వేళ్ల మీద లెక్కించవచ్చు. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరు వద్ద కరి మోటార్ స్పీడ్‌వే, అదే ప్రాంతంలో ఇటీవల వచ్చిన మరో ట్రాక్, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్. మధ్య భారతానికి దగ్గరగా ఇండోర్ పక్కన పీతంపూర్‌లో 11.3 కిలోమీటర్ల అతివేగ ట్రాక్ 2021లో ప్రారంభమైంది. కానీ అది ప్రధానంగా వాహన తయారీ సంస్థల పరీక్షలకు ఉద్దేశించినది. రాయపూర్ నుంచి చెన్నైకి గాని, నోయిడాకు గాని వేయి కిలోమీటర్లు దాటి ప్రయాణించాలి. కారును లారీ మీద ఎక్కించుకొని రెండు రోజులు వెళ్లి, ఇరవై నిమిషాల చొప్పున నాలుగు విడతలు నడిపి, మరో రెండు రోజులకు ఇల్లు చేరడం సంపన్నుల సరదా అవుతుందే తప్ప సామాన్యుని క్రీడ కాజాలదు.

సోలవరం నాటి సంగతి

ఈ క్రీడ మన దేశంలో ప్రభుత్వ దయతో పుట్టలేదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మద్రాసు శివారున సోలవరంలో సైనిక విమానాల కోసం వేసిన రన్‌వే యుద్ధం ముగిశాక నిరుపయోగంగా మిగిలింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ పగుళ్ల కాంక్రీటు మీదనే దశాబ్దాల తరబడి పందేలు నడిపింది. తరువాత సొంత స్థలం సమకూర్చుకొని 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌ను ప్రారంభించింది. ఇంగ్లండులో ప్రసిద్ధమైన సిల్వర్‌స్టోన్ సైతం యుద్ధకాలపు వైమానిక స్థావరమేనన్నది ఇక్కడ గమనార్హం.

స్థలం ఉన్నంత మాత్రాన సరిపోదు, కారు కావాలి. ఆ ముడిని విప్పినవాడు కోయంబత్తూరుకు చెందిన సుందరం కరివర్ధన్. విదేశాల నుంచి పందెం కారు తెప్పించుకోవడం ఆనాడు అసాధ్యంతో సమానం. ఆయన మారుతి 800 ఇంజనును తీసి ఒంటి సీటు పందెం కారుకు అమర్చారు. ఫార్ములా మారుతిగా పేరుపొందిన ఆ కార్లు 1980ల చివరలో ట్రాక్ మీదికి వచ్చాయి. ఇంజను బజారులో దొరికేదే, విడిభాగాలు వీధి మెకానిక్‌కు తెలిసినవే. అందరివీ ఒకే రకం కార్లు కావడంతో డబ్బున్నవాడి కంటే చేతి నేర్పు ఉన్నవాడు ముందుకు వచ్చాడు. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ పందెపు జీవితం ఈ ఫార్ములా మారుతితోనే మొదలైంది. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. 2003లో తెరుచుకున్న కోయంబత్తూరు ట్రాక్‌కు పెట్టినది ఆయన పేరే.

ఒక పాత రన్‌వే, ఒక చిన్న ఇంజను, పట్టుదల గల క్లబ్బు. ఫార్ములా వన్ దాకా వెళ్లిన దారికి పునాది ఇంతే. ఆ తరువాత ప్రభుత్వాలు రంగప్రవేశం చేసిన కథ ఇందుకు పూర్తిగా భిన్నం.

హుస్సేన్‌సాగర్ తీరాన

నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌ను జేపీ సంస్థ నిర్మించింది. 2011 నుంచి 2013 వరకు మూడేళ్లు అక్కడ ఫార్ములా వన్ జరిగింది. మూడుసార్లూ జర్మనీకి చెందిన సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. క్రీడగా పరిగణించాలా, వినోదంగా పరిగణించాలా అన్న పన్నుల వివాదం మొదటి ఏడాదే సుప్రీంకోర్టుకు ఎక్కింది. మూడేళ్లకే పందెం నిలిచిపోయింది. బకాయిల కారణంగా 2020లో యమునా ఎక్స్‌ప్రెస్‌వే ప్రాధికార సంస్థ భూకేటాయింపును రద్దు చేయగా, 2025లో అలహాబాద్ హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. మధ్యలో 2023 సెప్టెంబరులో మోటోజీపీ మోటారు సైకిళ్ల పందెం ఒక్కసారి మెరిసి మాయమైంది.

తెలుగువారికి మరింత దగ్గరి అనుభవం హైదరాబాద్‌ది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన సచివాలయం, ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కుల చుట్టూ విద్యుత్ కార్ల ఫార్ములా-ఇ పందెం జరిగింది. దేశంలో అటువంటి ప్రపంచ స్థాయి కార్ల పందెం పదేళ్ల తరువాత అదే మొదటిది. ఫ్రాన్స్ క్రీడాకారుడు జాన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచాడు. ప్రభుత్వం మారాక 2024 జనవరిలో రెండవ పందెం రద్దయింది. దాని కోసం హెచ్ఎండీఏ నుంచి నిబంధనలకు విరుద్ధంగా దాదాపు 55 కోట్ల రూపాయలు చెల్లించారన్న ఆరోపణపై అవినీతి నిరోధక శాఖ 2024 డిసెంబరులో అప్పటి పురపాలక మంత్రి కె.టి. రామారావుపై కేసు నమోదు చేసింది. ఇది రాజకీయ కక్షసాధింపేనని ఆయన ఖండించారు. కేసు నిగ్గు తేల్చవలసినది న్యాయస్థానాలే. అయితే ఎవరిది తప్పయినా, పందెం ముగిసిన మరునాటికి బారికేడ్లు తొలగిపోయి దారి మళ్లీ మామూలు దారి అయిందన్నది నిర్వివాదాంశం. నగర యువకుడు నడపడానికి అక్కడ ఏమీ మిగలలేదు. చెన్నైలో ఐలండ్ గ్రౌండ్స్ చుట్టూ 2024 ఆగస్టు 31న, సెప్టెంబరు 1న జరిగిన రాత్రి పందెం విషయంలోనూ ఇంతే. కాకపోతే ఆ నగరానికి సమీపంలోనే ఇరుంగాట్టుకోట్టై ఉన్నది. ఉత్సాహం పుట్టినవాడు మరుసటి వారమే అక్కడికి వెళ్లగలడు. రాయపూర్‌కు ఆ సౌలభ్యం లేదు.

పందేలలోకి రాదలచినవారికి తొలి మెట్టు పందెం కానక్కరలేదు. గో-కార్టింగ్‌తో మొదలుపెట్టేవారు కొందరు. సొంత వాహనంతో 'ట్రాక్ డే'కు వెళ్లేవారు కొందరు. ట్రాక్ డే అంటే రోజంతా ట్రాక్‌ను రుసుముపై ఔత్సాహికులకు తెరిచి ఉంచడం. అక్కడ విజేతలుండరు, బహుమతులుండవు. ఉదయమే వాహనాన్ని తనిఖీ చేస్తారు. టైర్ల అరుగుదల, బ్రేకులు, నూనె కారుతున్నదా అన్నవి చూస్తారు. తేమ పీల్చిన పాత బ్రేకు ద్రవం నాలుగు మలుపులు తిరిగేసరికి మరిగి, పెడలు నేలకు అంటుకుంటుందన్న సంగతి చాలామందికి ఆనాడే తెలుస్తుంది. తరువాత జెండాల భాష చెబుతారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదం ఉన్నట్లు, దాటిపోరాదు. ఎరుపు కనిపిస్తే వేగం తగ్గించి వెనుదిరగాలి. నీలం జెండా అంటే వెనుక నుంచి వేగంగా మరొకరు వస్తున్నారు. అనుభవాన్ని బట్టి జట్లుగా విడదీసి పదిహేను, ఇరవై నిమిషాల విడతలుగా పంపుతారు. అంబులెన్సు సిద్ధంగా లేనిదే ట్రాక్ తెరవరు.

అసలు పందేలలో పాల్గొనాలంటే భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య నుంచి లైసెన్సు పొందాలి. వైద్య ధ్రువపత్రం తప్పనిసరి. మైనర్లకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఆపైన ఖర్చు మాట. మోటారు సైకిళ్లలో టీవీఎస్, హోండా, రాయల్ ఎన్‌ఫీల్డ్ వంటి సంస్థలు ఒకే రకం బండ్లను అందరికీ ఇచ్చి నడిపే పోటీలే తక్కువ ఖర్చుతో ప్రవేశించే దారి. కార్ల పందేలలో మాత్రం టైర్లు, ఇంధనం, ప్రవేశ రుసుము, మెకానిక్ కూలి కలుపుకుంటే ఒక సీజన్‌కు లక్షలు కరిగిపోతాయి. ఇక సాధారణ వాహన బీమా ఇక్కడ అక్కరకు రాదు. పందేలు, వేగపరీక్షలు పాలసీలో స్పష్టంగా మినహాయింపు పొందిన అంశాలు. వాయిదాలపై కొన్న కారును ట్రాక్ గోడకు కొట్టిన యువకుడు వాయిదాలు కట్టుకుంటూనే మరమ్మతు కూడా సొంతంగా భరించాలి. ఈ సంగతిని నిర్వాహకులు ముందుగా గట్టిగా చెప్పరు.

ట్రాక్ అంటే నూటికి నూరుపాళ్లు భద్రమని ఎవరూ భ్రమపడనక్కరలేదు. 2023 జనవరిలో మద్రాస్ ట్రాక్‌పై ప్రముఖ రేసర్ కె.ఇ. కుమార్ ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది ఆగస్టులో పదమూడేళ్ల బెంగళూరు బాలుడు అక్కడి మోటారు సైకిళ్ల పందెంలో పడి మరణించాడు. సకల ఏర్పాట్లు ఉన్న చోటనే ఇలా జరిగిందంటే, ఏ ఏర్పాటూ లేని రహదారి సంగతి ఊహించవచ్చు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, అందులో పదింట ఏడు మరణాలకు మితిమీరిన వేగాన్నే కారణంగా చూపారు. ఈ అంకెలు పందేలవి కావు. ఆలస్యమైన బస్సు డ్రైవరు, మద్యం తాగిన లారీ డ్రైవరు కూడా ఇందులోనే ఉన్నారు. ఒక్క ట్రాక్ కట్టినంత మాత్రాన ఇవి తగ్గుతాయని వాదించేవారి మాటలు నమ్మశక్యం కావు. పైగా రహదారిపై విన్యాసాలు చేసేవారిలో కొందరికి కావలసినది వేగం కాదు, చూసేవాళ్లు. వారు ట్రాక్ మొహం చూడరు. వారికి పోలీసులే దిక్కు. తక్కినవారి మాటేమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

వారి కోసం రాయపూర్‌కు గ్రాండ్ ప్రి అవసరం లేదు. విశాలమైన తారు మైదానంపై రబ్బరు శంకువులు పెట్టి, ఒక్కో కారును విడివిడిగా గడియారంతో పోటీ పెట్టే ఆటోక్రాస్ చాలు. ఎదుట మరో వాహనం ఉండదు, వేగమూ పరిమితంగానే ఉంటుంది. బ్రేకు ఎక్కడ వేయాలో, బండి ఎప్పుడు పట్టు తప్పుతుందో ఒక్క మధ్యాహ్నంలో నేర్పే ఆట ఇది. నవా రాయపూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ క్రికెట్ స్టేడియంలో పెద్ద మ్యాచ్‌లు జరిగేది ఏడాదిలో కొద్ది రోజులే. తక్కిన రోజుల్లో దాని వాహనాల నిలుపుదల స్థలాన్ని ఇందుకు ఇవ్వడానికి ఖజానా తెరవనక్కరలేదు. మహారాష్ట్రలో లోనావాలా దగ్గరి ఆంబీ వ్యాలీ రన్‌వేపై డ్రాగ్ పందేలు జరుగుతున్న విషయం విదితమే. ఛత్తీస్‌గఢ్ జిల్లాల్లో విమానాలు అరుదుగా దిగే ఎయిర్‌స్ట్రిప్‌ల విషయంలోనూ ఆ ఆలోచన చేయవచ్చు. ఉక్కుకు పేరుపడ్డ సిల్తారా, ఉర్లా పారిశ్రామికవాడలు పక్కనే ఉన్నాయి. రక్షణ కంచెలకు ఇనుము కోసం ఎక్కడికీ పోనక్కరలేదు.

రాయపూర్-విశాఖపట్నం మధ్య 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారిని భారత్‌మాల కింద చేపట్టారు. రాయపూర్, భిలాయిలలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు దాని కోసం ఎదురుచూస్తున్నాయి. అటువంటి దారి మీద బండి ఎంత వేగం అందుకుంటుందో తెలిసినవారు ఎందరో. ఆ వేగంలో బండిని ఆపడం నేర్చుకున్నవారు కొందరే.

ప్రభుత్వం తలచుకుంటే కావలసినది 189వ సెక్షన్ కింద ఒక ఉత్తర్వు, క్లబ్బుల సమాఖ్య గుర్తించిన నిర్వాహకులు, ఒక అంబులెన్సు, ఒక అగ్నిమాపక శకటం. వానలు వెలిసిన అక్టోబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఇక్కడి వాతావరణం ఇందుకు అనువైనది. మార్చి దాటితే కరిగే తారు మీద టైరూ నిలవదు, హెల్మెట్ లోపల మనిషీ నిలవడు.