తెరకు రోస్టరు లేదు

కాలేజీ చదువుల్లోకి టెక్నాలజీ తెస్తున్నామని ప్రభుత్వాలు ఒకటే ఊదరగొడుతున్నాయి. స్మార్ట్ బోర్డులట, డిజిటల్ క్లాసులట, ఇంట్లో కూచునే డిగ్రీ అట. వినడానికి బాగానే ఉంది. యంత్రం మీద మనకు పగ లేదు. గాంధీ రాట్నం పట్టుకుని యంత్రాల్ని తిట్టిపోస్తే, యంత్రం లేకుండా మనిషి గొడ్డుచాకిరీ నుంచి బయటపడలేడని 1945లో అచ్చయిన తన పుస్తకంలో బాబాసాహెబ్ అంబేడ్కర్ గట్టిగా వాదించాడు. డప్పు కొట్టిన చెయ్యి, చెప్పు కుట్టిన చెయ్యి కంప్యూటర్ మీద ఆడాలనే మేమూ కోరుతున్నాం. అయితే ఆ యంత్రం ఎవరి చేతిలో ఉంది, ఎవరి ఉద్యోగం మింగుతోంది అని అడగకుండా చప్పట్లు కొట్టడం మావల్ల కాదు.

2020 మార్చిలో కరోనా రాగానే హాస్టళ్లకు తాళాలేసి మన పిల్లల్ని ఊళ్లకు పంపారు. పాఠాలు ఫోనులో వినమన్నారు. ఏ ఫోనులో? 2017-18లో కేంద్ర ప్రభుత్వమే చేయించిన జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి 4, ఇంటర్నెట్ అందే ఇళ్లు నూటికి 15. అది ఊరూ వాడా కలిపిన లెక్క. మన వాడలో ఇంటికి ఒక్క ఫోను, అదీ నాయనది. ఆయన తెల్లారగట్ల పనికి పోతే పాఠం ఆయన జేబులోనే పోయింది. ఆడపిల్లకయితే తమ్ముడి తర్వాతే. బాబాసాహెబ్ పెట్టిన బహిష్కృత హితకారిణి సభ 1925లో షోలాపూర్‌లో హాస్టల్ తెరిచింది ఊరికే కాదు. కూలికి రమ్మని ఎవరూ కేకెయ్యని చోటు, రాత్రి దీపం ఉండే చోటు మన పిల్లలకు కావాలని ఆయనకు తెలుసు. ఇంట్లోనే చదువుకోండి అనేవాళ్లు మన ఇళ్లు ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు ఫోన్లు పెరిగాయి, నిజమే. గడపలూ పెరిగాయి. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ సీటు ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నారు. ఆధార్‌కు కలిపిన ఫోను నంబరు ఉండాలి. రీచార్జి లేక ఆ సిమ్ము ఎప్పుడో పోయింది. ఇంటర్నెట్ సెంటర్ వాడు ఏ ప్రైవేటు కాలేజీ నొక్కితే అదే మన బిడ్డ కాలేజీ. స్కాలర్‌షిప్పు కోసం మీసేవలో వేలిముద్ర వెయ్యమంటారు. సెలవుల్లో రాళ్లు మోసి, పత్తి ఏరిన పిల్లల వేళ్లను మిషను గుర్తుపట్టదు. ద్రోణుడు ఏకలవ్యుణ్ణి బొటనవేలు ఒక్కసారే అడిగాడు!

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. కేంద్రం 2017లో ‘స్వయం’ పేరుతో ఆన్‌లైన్ కోర్సులు మొదలుపెట్టింది. సెమిస్టరులో నూటికి 20 వంతుల కోర్సులు అలా చదవొచ్చని యూజీసీ 2016లోనే నిబంధన చేసింది. 2021లో దాన్ని 40కి పెంచింది. ఎక్కడో ఐఐటీలో ఒక ప్రొఫెసర్ చెప్పిన పాఠం వెయ్యి కాలేజీల్లో తెర మీద ఆడుతుంటే, అక్కడ ఆ పాఠం చెప్పాల్సిన లెక్చరర్ పోస్టు ఎందుకు నింపుతారు? పోస్టు లేకపోతే రోస్టరు లేదు. రోస్టరు లేకపోతే మన నూటికి 15 గల్లంతు. పోస్టు రద్దు చేశామని జీవో కూడా ఇవ్వనక్కర్లేదు, ఖాళీగా ఉంచి గంటల లెక్కన గెస్టు లెక్చరర్‌తో నెట్టుకొస్తే చాలు. ఆ ఐఐటీ ప్రొఫెసర్లలో మనవాళ్లను దీపం పెట్టి వెతకాలి.

పైగా మన పిల్ల వెనక బెంచీలో నోరు విప్పకపోతే తెర అడగదు. ఇంగ్లీషు తట్టుకోలేక కాలేజీ మానేస్తే ఇంటికొచ్చి పిలుచుకుపోదు. మన వాడ నుంచే వెళ్లిన సార్లు, మేడమ్‌లు అలా పిలుచుకుపోయారు కాబట్టే ఇవాళ మనలో కొందరు డిగ్రీ గట్టెక్కారు.

స్మార్ట్ బోర్డులు పెట్టండి, వద్దనం. ముందు ఖాళీ పోస్టులు రోస్టరు ప్రకారం నింపండి. ప్రతి హాస్టల్లో కంప్యూటర్ గది పెట్టి రాత్రి పదింటి దాకా తెరిచి ఉంచండి. తెర మీద పాఠం తెలుగులో కూడా చెప్పించండి. వేలిముద్ర పడని పిల్లల సంతకం తీసుకోండి.

సంఘాల కార్యకర్తలు ఈ పదిహేను రోజుల్లో ఒక పని చెయ్యాలి. దగ్గర్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, అందులో ఎస్సీ రోస్టరు పాయింట్లెన్ని అని సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లు పెడితే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు వచ్చినా రాకపోయినా మాకు రాయండి. కాలేజీల వారీగా అచ్చేస్తాం.