ఇషారా ఒకచోట, పని ఇంకోచోట

కంప్యూటర్ కోర్సుల పేరుతో మన ఇళ్లలో పెడుతున్న ఖర్చులో చాలా భాగం ఖానాపురీకి పోతోంది. ఈ మాట కొందరికి కష్టంగా ఉంటుంది, మాఫ్ చేయండి. ఖానాపురీ అంటే మన పెద్దలకు చెప్పక్కర్లేదు. రిజిస్టర్‌లో గళ్లు నింపేసి పని అయిపోయిందనిపించుకోవడం. మైదుకూరులోనైనా ప్రొద్దుటూరులోనైనా కోచింగ్ సెంటర్ బోర్డు మీద జావా, పైథాన్, సీ ప్లస్ ప్లస్ అని పెద్ద హర్ఫుల్లో రాసి ఉంటుంది. మూడు నెలలు పోయాక పిల్లలు స్క్రీన్ మీద అందమైన విండో ఒకటి గీసి చూపిస్తారు. అందులో నాలుగు డబ్బాలు, రెండు బటన్లు. అమ్మీ, అబ్బా చూసి ఖుషీ అవుతారు. అప్పుడు ఒక్క సవాల్ అడిగి చూడండి. "బేటా, ఇక్కడ బటన్ నొక్కితే అక్కడ అంకె ఎట్లా మారింది?" చాలామంది దగ్గర జవాబు ఉండదు. "సార్ అట్లా రాయమన్నాడు" అంటారు.

నేను ఇంజినీర్‌ని కాదు, అఖ్బార్ మనిషిని. ఉర్దూ మీడియంలో చదువుకుని, తెలుగులో డిగ్రీ చేసి, ఈ రెండు జబాన్ల మధ్యే రోజీ వెతుక్కున్నవాణ్ణి. ఈ సవాల్ మా ఇంట్లోకే వచ్చింది కాబట్టి కూర్చుని చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. నాకు అర్థమైంది ఏమంటే, మన పిల్లలకు అకల్ తక్కువ కాదు. అస్లీ సంగతిని వాళ్ల జబాన్‌లో ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి పేరు సిగ్నల్స్, స్లాట్స్.

ముందు దాని పుట్టుక కొంచెం. నార్వేలో హోవార్డ్ నోర్డ్, ఐరిక్ షాంబ్ ఎంగ్ అని ఇద్దరు ప్రోగ్రామర్లు. 1990లో అల్ట్రాసౌండ్ బొమ్మల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నారు. అది మ్యాక్ మీద, యూనిక్స్ మీద, విండోస్ మీద నడవాలి. ఆ తిప్పల్లోంచి పుట్టిందే క్యూట్ అనే టూల్‌కిట్. 1991లో రాయడం మొదలైంది. 1992లో ఐరిక్‌కు ఈ సిగ్నల్స్, స్లాట్స్ పద్ధతి తట్టింది. 1994లో కంపెనీ పెట్టారు, 1995 మే నెలలో లోకానికి వదిలారు. తర్వాత అది నోకియా చేతికి పోయింది, అక్కడినుంచి ఇంకొకరి చేతికి. ఆ లావాదేవీలు మనకెందుకు? మీ ఇంట్లో పాటలు, సినిమాలు ఆడించే వీఎల్‌సీ ప్లేయర్ విండో, కంప్యూటర్‌లో వాడే టెలిగ్రామ్ దీంతో కట్టినవే. మన పిల్లలు కోర్సులో గీసే విండో కూడా అదే.

ఇప్పుడు పద్ధతి. మా ఉర్దూ స్కూల్లో చప్రాసీ గంట కొట్టేవాడు. సాయంత్రం ఆఖరి గంట మోగితే మేం బస్తాలు సర్దుకునేవాళ్లం, ఉస్తాద్ హాజరీ పుస్తకం మూసేవాడు, గేటు దగ్గర సైకిల్ మీద బఠానీలు అమ్మే చాచా పొట్లాలు కట్టడం మొదలుపెట్టేవాడు. చప్రాసీకి వీళ్లలో ఎవరి సంగతీ అక్కర్లేదు. బఠానీల చాచా ఉన్నాడో లేడో కూడా తెలియదు. తన పని గంట కొట్టడం. రేపు ఐస్ అమ్మేవాడు ఇంకొకడు వచ్చి గేటు దగ్గర నిలబడితే, చప్రాసీ కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు.

ఆ గంట సిగ్నల్. అది వినగానే ఎవరు చేయవలసిన పని వాళ్లు చేయడం స్లాట్. ఎవరు ఏ గంటకు చెవి పెట్టాలో ముందే తయ్ చేసి ఉంచడం కనెక్ట్. ఇంతే!

దీనికి ముందున్న పద్ధతి కూడా చెప్పాలి, లేకపోతే ఖద్ర్ తెలియదు. పాత టూల్‌కిట్లలో బటన్‌కు ఒక ఫంక్షన్ అడ్రస్ చేతికిచ్చేవాళ్లు, నొక్కగానే దాన్ని పిలువు అని. కాల్‌బ్యాక్ అంటారు. హెడ్ మాస్టర్ ఒక చీటీ రాసి చప్రాసీ చేతికిచ్చి ఫలానా గదికి పో అన్నట్టు. చీటీలో రాసింది ఆ గదిలోవాళ్లకు పనికొచ్చేదేనా అని చూసేవాళ్లు లేరు. గది మారినా, మనిషి లేకపోయినా చప్రాసీ అక్కడికే పోతాడు, ప్రోగ్రామ్ ఢమాల్. క్యూట్‌లో, వినే వస్తువు మాయమైతే దానికున్న కనెక్షన్లు వాటంతట అవే తెగిపోతాయి. సిగ్నల్ తెచ్చే సామాను, స్లాట్ అడిగే సామాను సరిపోవాలన్న షరతు కూడా ఉంది. స్లాట్ తక్కువ తీసుకోవచ్చు గానీ, సిగ్నల్ ఇచ్చినదానికన్నా ఎక్కువ అడగకూడదు.

మా ఆపా కూతురు డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ తీసుకుని, సాయంత్రం ఒక కోచింగ్ సెంటర్‌కు పోయేది. మా మైదుకూరు ప్రాంతం కేపీ ఉల్లికి మషూర్. సీజన్‌లో ఒక కమీషన్ దుకాణం వాళ్లకు చిన్న బిల్లుల ప్రోగ్రామ్ కావలసొచ్చింది. పిల్ల నేను చేస్తానంది. ఎన్ని బస్తాలు, ధర ఎంత, మొత్తం ఎంత. కింద ఒక బటన్, నొక్కితే బిల్లు ప్రింటయి, రైతు ఖాతాలో మొత్తం పడాలి. బస్తాల డబ్బాలో అంకె మారగానే అది "నా విలువ మారింది" అని సిగ్నల్ ఇస్తుంది. ధర డబ్బా కూడా ఇస్తుంది. రెండూ ఒకే స్లాట్‌కు వచ్చి కలుస్తాయి. లెక్క వేసి మొత్తం చూపించడం ఆ స్లాట్ పని. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

"మామూ, బటన్ నొక్కితే ఏం గాలే" అని మొదటి వారమే ఏడుపు మొహంతో వచ్చింది. ప్రోగ్రామ్ ఎర్రర్ చూపించలేదు, ఆగిపోలేదు. బటన్ నొక్కితే ఖామోష్. కారణం చూస్తే, స్లాట్ పేరులో ఒక్క హర్ఫ్ తేడా. సెంటర్ వాళ్లిచ్చిన నోట్సులో సిగ్నల్ పేరు, స్లాట్ పేరు ఉత్త అక్షరాలుగా రాసే పాత పద్ధతి ఉంది. అట్లా రాస్తే తప్పు ఉన్నా కంపైలర్ పట్టుకోదు. నడిచేటప్పుడు మాత్రం టెర్మినల్‌లో "నో సచ్ స్లాట్" అని ఒక లైన్ వస్తుంది. అంటే ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు జనాబ్ అని కంప్యూటర్ షరాఫత్‌గానే చెప్పింది. ఆ నల్ల విండో చూడాలని పిల్లకు ఎవరూ చెప్పలేదు.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. 2012 డిసెంబర్‌లో వచ్చిన క్యూట్ 5తోనే ఈ జబ్బుకు మందు దొరికింది. ఫంక్షన్‌నే నేరుగా చూపించి కనెక్ట్ రాయొచ్చు. పేరు తప్పయినా, సామాను సరిపోకపోయినా కంపైలర్ అక్కడే ఆపేస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా పాత నోట్సుకే జిరాక్స్ తీసి ఫీజు వసూలు చేయడాన్ని ఏమనాలి? మా ఆపా అయితే, "అర్థం కానప్పుడు ఎందుకు తమ్ముడూ, మాన్పించేద్దాం" అని కూర్చుంది. పిల్ల కూడా నాకు దిమాగ్ లేదేమో అనుకోవడం మొదలుపెట్టింది. నన్ను కలవరపెట్టింది ఆ రెండో మాట.

ఆ తప్పు సరిచేసి దుకాణంలో పెట్టారు. మొదటి బిల్లు ఒకటి వచ్చింది. రెండో రైతుకు రెండు కాయితాలు. మూడో రైతుకు మూడు. మున్షీ నవ్వుకున్నాడు, ప్రింటర్ ఖరాబయిందని. ఖాతా తెరిచి చూస్తే నవ్వు ఆగిపోయింది. మూడో రైతు ఖాతాలో మూడింతల మొత్తం పడి ఉంది!

ప్రింటర్‌ది ఏమీ కసూర్ లేదు. "కొత్త బిల్లు" నొక్కిన ప్రతిసారీ నడిచే ఫంక్షన్ లోపల కనెక్ట్ లైన్ రాసి ఉంది. ఒకే సిగ్నల్‌ను ఒకే స్లాట్‌కు రెండుసార్లు కలిపితే, ఒక్క నొక్కుకు స్లాట్ రెండుసార్లు నడుస్తుంది. ఇందాకే కలిపావు కదా అని క్యూట్ అడగదు. కలపమంటే కలుపుతుంది. బఠానీల చాచా పేరు హాజరీలో మూడుసార్లు రాసినట్టు, ఒక్క గంటకు మూడుసార్లు లేస్తాడు. విండో పుట్టేటప్పుడు ఒక్కసారి కలిపితే చాలు. లేదంటే, ఇప్పటికే కలిసి ఉంటే మళ్లీ కలపొద్దు అనే షరతు కూడా కనెక్ట్‌కు పెట్టొచ్చు, యునీక్ కనెక్షన్ అని. మున్షీ షరీఫ్ మనిషి, కాయితం మీద లెక్క కూడా రాసిపెట్టుకున్నాడు కాబట్టి రైతు డబ్బు జాగ్రత్తగా సర్దారు. లేకపోతే జిమ్మేదార్ ఎవరు? ఇరవై ఏళ్లు కూడా నిండని ఆ పిల్లేనా?

ఈ సంగతి ఇంత విడమరిచి రాయడానికి కారణం, అది చిన్న తప్పులా కనిపించినా డబ్బు దగ్గర చిన్నది కాకపోవడమే. ప్రొద్దుటూరు బంగారం దుకాణం బిల్లయినా ఇదే లెక్క.

ఇక లఫ్జ్‌ల మాట. సిగ్నల్ అనగానే మన పిల్లలకు గుర్తొచ్చేది ఫోన్ టవర్. స్లాట్ అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో బుక్ చేసుకునే వక్త్. తెలుగు పుస్తకాల్లోని "సంకేతం" పిల్లలకు పరీక్ష మాట, ఇంటి మాట కాదు. మా భాంజీకి నేను ఇట్లా చెప్పాను: సిగ్నల్ అంటే ఇషారా. స్లాట్ అంటే ఆ ఇషారా వచ్చి కూర్చునే ఖానా, కాకపోతే ఖాళీ ఖానా కాదు, దాంట్లో ఒక పని తయ్యార్‌గా ఉంది. (తెలుగులో రాస్తే ఈ ఖానా, తినే ఖానా ఒకటే అయిపోయాయి. ఉర్దూలో దీన్ని ఖేతో, దాన్ని కాఫ్‌కు దో చష్మీ హే చేర్చి రాస్తాం. పిల్ల మొదట అన్నం ఖానానే అనుకుని నవ్వింది.) ప్రోగ్రామ్‌లో మాత్రం కనెక్ట్ అనే రాయాలి, కంపైలర్‌కు ఉర్దూ రాదు. నేను పేర్లు మార్చమనడం లేదు. అర్థం దిల్‌లో దిగేదాకా ఇంటి మాటలో చెప్పమంటున్నా. ఆ తర్వాత ఇంగ్లీషు పేరు దానంతటదే నోటికి పట్టుకుంటుంది.

ఒక ఫాయిదా వెంటనే కనిపించింది. క్వింటాళ్ల డబ్బా, కిలోల డబ్బా రెండూ ఉంటే బాగుంటుందని మున్షీ అడిగాడు. ఇది మారితే అది మారాలి, అది మారితే ఇది. పిల్ల తనే ఆగి అడిగింది, "మామూ, ఇది దానికి ఇషారా ఇస్తుంది, అది మళ్లీ దీనికి ఇస్తుంది. ఇద్దరు సలామ్‌కు సలామ్ చెప్పుకుంటూ నిలబడిపోరా?" కోర్సు మొత్తంలో ఆమె అడిగిన మొదటి అస్లీ సవాల్ ఇది. జవాబు పుస్తకంలో ఉంది. డబ్బాలో ఉన్న విలువే మళ్లీ పెట్టబోతే అది సిగ్నల్ ఇవ్వదు, కాబట్టి రెండో సలామ్ దగ్గర ఆగిపోతుంది. కిలోలు క్వింటాళ్లుగా మార్చేటప్పుడు చివరి అంకెలు కోసేస్తే మాత్రం విలువ కొంచెం జరిగి, వాడు కొట్టిన అంకెనే మార్చేస్తుంది. అక్కడ కాసేపు సిగ్నల్స్‌ను ఆపి ఉంచి విలువ పెట్టాలి, దానికీ ఏర్పాటుంది. ఇదంతా తర్వాత ఆమే నాకు చెప్పింది.

ఈ కాలంలో డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఎవరికి కావాలి, అంతా ఫోనే కదా అని కొందరు భాయీలు అంటారు. నెట్ పోయినా బిల్లు ఆగకూడని దుకాణాలు మన ఊళ్లలో నిండా ఉన్నాయి. పైగా ఈ ఇషారా పద్ధతి క్యూట్‌తో అయిపోయేది కాదు. వెబ్ పేజీలో బటన్ నొక్కినా, ఫోన్ యాప్‌లో వేలు పెట్టినా లోపల జరిగేది దీని చుట్టరికమే, పేర్లు వేరు. పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటొచ్చిన పిల్లలకు అడగడానికి ప్రొఫెసర్లు ఉంటారు. సాయంత్రం రెండు గంటలు సెంటర్‌కు పోయివచ్చే పిల్లలకు ఎవరున్నారు?

కాబట్టి ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు ఒక పని చేయండి. మీకు కంప్యూటర్ రానక్కర్లేదు. సెంటర్‌కు పోయి, సార్‌ను అదబ్‌గానే, పిల్లల ముందరే అడగండి. ఒకే బటన్‌ను ఒకే స్లాట్‌కు రెండుసార్లు కనెక్ట్ చేస్తే ఏమవుతుంది? స్లాట్ పేరు తప్పు రాస్తే మనకు ఎక్కడ తెలుస్తుంది? కీబోర్డ్ ముట్టుకోకుండా, నల్లబల్ల మీద బాణాలు గీసి చెప్పగలిగితే పిల్లను చేర్పించండి. "అదంతా ప్రాక్టికల్స్‌లో వస్తుందిలే అమ్మా" అంటే, చాయ్ ఇచ్చినా తాగకుండా లేచి రండి.