గన్‌ఫౌండ్రీ గోడలు కూలిపోవద్దు



గన్‌ఫౌండ్రీ అంటే మనకు ఒక బస్టాపు. కానీ అది ఫిరంగులు పోతపోసిన కార్ఖానా. నిజాం అలీఖాన్ కాలంలో, 1795లో, ఫ్రెంచి సేనాని రేమండ్ కట్టించాడు. ఉర్దూలో తోప్ కా సాంచా, అంటే ఫిరంగి అచ్చు.

1798లో రేమండ్ చనిపోయాడు. అదే ఏడు నిజాం ఇంగ్లీషువాళ్లతో సంధి చేసుకొని ఫ్రెంచి పటాలాన్ని తీసేశాడు. ఇంగ్లీషు పటాలం దిగిన చోటుకే 1806లో సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. అంటే ఆ కథ మన ఊరి కథ కూడా.

"మనుషుల్ని చంపే ఫిరంగుల కార్ఖానా ఎందుకు కాపాడాలె?" అని కొందరు అడగొచ్చు. నేను ఫిరంగుల కోసం చెప్తలేను, పనివాళ్ల కోసం చెప్తున్నాను. ఆదిలాబాద్‌లో ఓజావాళ్లు మైనం, మట్టితో అచ్చు కట్టి ఇత్తడి పోస్తారు. చిన్న బొమ్మకే అంత కష్టముంటే ఫిరంగికి ఎంతమంది చెమటోడ్చి ఉంటారు? రేమండ్ పేరు మూసారాంబాగ్‌లో ఉంది. కొలిమి దగ్గర మాడినవాళ్లకు ఆ పాడుబడ్డ గోడలే గుర్తు.

అందుకే ఆ గోడలను సర్కారు కాపాడాలె. పనివాళ్ల గురించి తెలుగులో బోర్డు పెట్టాలె. వార్డెన్ మేడమ్ గారూ, ఈసారి చార్మినార్‌కు పోయినప్పుడు మమ్మల్ని అక్కడికి కూడా తీసుకుపోండి.

— 9వ తరగతి విద్యార్థిని