నేల వెలయు ఊరి కలిమియు

నారాయణపేట వృద్ధి చెందుచున్నదని మనవారు తఱచుగా ననుచుందురు. ఎట్లు వృద్ధి చెందుచున్నదని యడిగినచో వారు చూపు నిదర్శన మొక్కటే: గజము ధర. పదేండ్ల క్రిందట నింత యుండెను, నేడింత యైనది, రాబోవు సంవత్సరము మఱియెంత యగునో యని వ్రేళ్లు మడచి లెక్కింతురు. ఊరిలో నెన్ని మగ్గములు నడచుచున్నవో, వేసవిలో నెన్ని దినముల కొకమాఱు కుళాయి నీరు వచ్చుచున్నదో, చదువు ముగించిన బాలురలో నెందఱికి ఇచ్చటనే పని దొరకుచున్నదో లెక్కించువాడు కనబడడు. ధర పెరిగిన యూరు బాగుపడిన యూరని యొక సిద్ధాంత మేర్పడిపోయినది. ఈ సిద్ధాంతము తప్పని మా నిశ్చితాభిప్రాయము. పండితుల వాదములలోని తప్పైనచో నుపేక్షింపవచ్చును. ఇది పేదవాని కొంప తీయు తప్పు గావున నుపేక్షింప వలనుపడదు.

మొదట ఊరి స్థితి చూతము. 2011 జనగణన ననుసరించి పట్టణ జనసంఖ్య 41,752. కన్నడసీమ కానుకొనియున్న ఈ యూర నొకే వీథిలో తెలుగు, కన్నడము, మరాఠీ వినబడును. శివాజీ దండు ఇటు విడిసినప్పుడు కొందఱు నేతగాండ్రు ఇచ్చటనే నిలిచిపోయిరని పెద్దలు చెప్పుకొందురు. చీరలకును బంగారమునకును పేట పేరు దూరదేశముల వఱకు వ్యాపించినది. ఇంత పేరుండియు, 2023 అక్టోబరు 1 న ప్రారంభింపబడిన జక్లేరు-కృష్ణ రైలుమార్గము మక్తల్ మీదుగా పోయినదే కాని పేటను తాకలేదు. 2011 లెక్కలలో ఈ జిల్లా ప్రాంతమున ఏడేండ్లు దాటినవారిలో చదువ నేర్చినవారు సగమైనను లేరు. 2016 అక్టోబరులో తెలంగాణమున క్రొత్త జిల్లా లేర్పడినప్పుడు పేటకు జిల్లా రాలేదు. ప్రజలు చాలకాలము ఆందోళన సల్పిరి. తుదకు 2019 ఫిబ్రవరి 17 న జిల్లా వచ్చినది. కలెక్టరు వచ్చుటకు ముందే దళారులు వచ్చిరి.

ఈ ధర యెట్లు పుట్టుచున్నదో చదువరులు కొంచె మోపికతో వినవలెను. రైతు పొలము అమ్మదలచెను. దళారి వచ్చి కొంత బయానా యిచ్చి, మిగిలిన పైకము కొన్ని నెలలలో చెల్లింతునని అగ్రిమెంటు వ్రాయించుకొనును. వానికి పొలము అక్కఱలేదు. పైకము చెల్లించు నుద్దేశమును లేదు. గడువు తీరకముందే యా కాగితమును మఱియొకనికి లాభమునకు అమ్మును. ఆ రెండవవాడు మూడవవానికి. ఇట్లు నాలుగు చేతులు మాఱునప్పటికి పొలములో నొక నాగటిచాలు పడలేదు, ఒక యిటుక లేవలేదు, ఒక నూయి త్రవ్వబడలేదు. ధర మాత్రము రెట్టింపైనది. పిమ్మట నెఱ్ఱమట్టి బాటలు నాలుగు తీసి, రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి, పెద్ద బోర్డు నిలిపి దానికి వెంచరని పేరు పెట్టుదురు. చివరి కాగితము చేతబట్టువా డెవడు? భార్య మెడలోని బంగారమమ్మిన చిన్న యుద్యోగి, పూనాలో పది సంవత్సరములు రాళ్లు మోసి కూడబెట్టిన కూలివాడు, కొమార్తె పెండ్లికి పనికివచ్చునని నమ్మిన నేతగాడు. మొదటివాడును చివరివాడును పేదలే. ఒకడు తక్కువకు అమ్మెను, ఒకడు ఎక్కువకు కొనెను. నడుమనున్న మూడు చేతులే ఊరి వృద్ధిని గూర్చి యుపన్యసించునవి.

మా యుపాధ్యాయ వర్గములో సయితము ఈ వ్యాపారమున దిగినవారు లేకపోలేదు. విరామవేళలో పాఠములను గూర్చిన మాట కంటె ప్లాట్లను గూర్చిన మాటయే హెచ్చుగా వినబడు స్టాఫురూములు గలవు. మేమును బడిపంతులమే గనుక నీ మాట ననుటకు మాకు అధికారము కలదు.

అప్పు చేసి కొన్నవాని లెక్క యొకటి వేసి చూతము. ఒకడు 5,00,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ప్లాటు కొనెననుకొందము. నెలకు వడ్డీ 10,000. ఏటికి 1,20,000. మూడేండ్లలో వడ్డీయే 3,60,000. ఆ ప్లాటు 8,60,000 లకు అమ్ముడుపోయిననే వాడు దిగిన మెట్టుకు మరల రాగలడు. స్టాంపు ఖర్చును దళారి కమీషనును వేఱు. ప్లాటు ఎనిమిది లక్షలకు అమ్మెనని వీథిలో ననుకొన్నప్పుడు వాడు మూడు లక్షలు గడించెనని అందఱును అసూయ పడుదురు. వాడు నష్టపోయెనని వానికిని వాని వడ్డీవ్యాపారికిని తప్ప నెవ్వరికిని తెలియదు.

"భూమిని ఎవడును సృష్టింపలేడు, జనము పెరుగుదురు, భూమి పెరుగదు, కావున ధర తగ్గదు" అని దళారులందఱును వల్లించు వేదవాక్యము. వినుటకు తర్కశాస్త్రమువలె నున్నది. భూమి పెరుగదనుట నిజమే, ప్లాట్లు పెరుగును. పేట చుట్టును కనుచూపు మేర మెట్ట పొలములు. జొన్నయు కందియు పండు నేల నొక కాగితముతో ప్లాట్లుగా మార్చవచ్చును. ఎకరమునకు 4,840 గజములు. బాటలకును ఖాళీస్థలములకును పోగా మిగిలినది ప్లాట్లు. ఒక్క మండలములోని పొలములలో పదవ వంతు కోసినను, ఈ పట్టణ కుటుంబము లన్నియు ఒక్కొక్క యిల్లు కట్టుకొనగా నింకను మిగిలిపోవును. సముద్రము నడుమనున్న ముంబయి ద్వీపమునకు చెప్పదగిన న్యాయమును పాలమూరి మెట్టకు తెచ్చి యతికించుట విద్యావంతులు చేయదగిన పని గాదు.

జనము పెరుగుదురనుటయు విచారింపదగినదే. పాలమూరు కూలీ యను పేరు దేశమంతట నేల వచ్చినది? ముంబయి, పూనా, బెంగుళూరు, హైదరాబాదుల మేడలలో ననేకములు మన పల్లెలవారు కట్టినవి. ఇతరుల యిండ్లు కట్టుటకు పోయినవారి యిండ్లకు ఇచ్చట తాళములు వ్రేలాడుచున్నవి. 2011 జనగణనలో దేశమంతటను ఖాళీగా నున్న కట్టడములు రెండు కోట్ల నలువది లక్షలకు పైగా లెక్కకు వచ్చినవి. అమెరికాలో డెట్రాయిటను నగరము కలదు. 1950 లో పదునెనిమిది లక్షలకు మించిన యా యూరి జనసంఖ్య 2020 నాటికి 6,39,111 కు దిగినది. పనులు పోయినవి, జనులు పోయిరి, వారితో నిండ్ల ధరలును పోయినవి. అది దుఃఖకరమే యైనను అందొక సత్యమున్నది: ధర యూరి స్థితిని చెప్పినది. మన చోట జనులు మూటలు గట్టుకొని బస్సు లెక్కుచుండగా ధరలు నిచ్చెన లెక్కుచున్నవి. ఇట్టి ధర ఊరి స్థితిని చెప్పుట లేదు, మఱియేదియో చెప్పుచున్నది.

ఊరి స్థితిని చెప్పునది అద్దె. ఈ మాటను మేము నొక్కి చెప్పుచున్నాము. అద్దెను ప్రతినెలయు సంపాదనలోనుండి చెల్లింపవలెను. ఆశలోనుండి చెల్లింప వీలులేదు. ఊర పని పెరిగి, కూలి పెరిగి, నలుగురు వచ్చి కాపురముండిన అద్దె పెరుగును. అద్దెయు ధరయు కలసి పెరిగిన వృద్ధి యనుడు, ఒప్పుకొందుము. ముప్పది లక్షలు చెప్పెడి ఇంటికి నెలకు ఆఱువేల అద్దె వచ్చుననుకొందము. ఏటికి 72,000, అనగా నూటికి రెండు రూపాయల నలువది పైసలు, అదియు సంవత్సరమునకు. అదే పైకమును అప్పు తెచ్చినవాడు నూటికి రెండు రూపాయలు నెలకే చెల్లించుచున్నాడు. ఈ రెండింటి నడుమ నున్న అగాధమును పూడ్చునది "రేపు ఇంకొకడు ఎక్కువకు కొనును" అను నమ్మకము మాత్రమే.

అసలు ధర యెంతయో తెలియునా? ఇచ్చట రెండు ధరలు గలవు: నోటి ధర, కాగితపు ధర. కాగితపు ధర ప్రభుత్వము నిర్ణయించిన విలువకు దగ్గఱగా నుండును. నోటి ధర దానికెన్నియో రెట్లు. తెలంగాణ ప్రభుత్వము 2013 తరువాత ఎనిమిదేండ్లకు, 2021 జూలై 22 నుండి విలువలను సవరించి, రిజిస్ట్రేషను ఖర్చులను నూటికి ఆఱునుండి ఏడున్నరకు పెంచెను. 2022 ఫిబ్రవరి 1 న మరల విలువలను పెంచెను. ఐనను అంతరము పోలేదు. జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 2007 నుండి ఇండ్ల ధరల సూచిక నొకదానిని ప్రకటించుచున్నది. అందున్నవి ఏబది నగరములు, మన రాష్ట్రమునుండి హైదరాబాదు. పేట వంటి యూళ్లకు సూచిక లేదు. టీకొట్టు దగ్గఱ దళారి చెప్పినదే సూచిక.

కాగితమున తక్కువ వ్రాయించుట వలన ప్రభుత్వమునకే గదా నష్టమని కొందఱు నవ్వుదురు. వారు 2013 నాటి భూసేకరణ చట్టమును చదువవలెను. ప్రభుత్వము భూమి తీసికొన్నప్పుడు పరిహారమునకు మూలము, స్టాంపు చట్టపు విలువ గాని, చుట్టుపట్ల గడచిన మూడేండ్ల క్రయపత్రములలో హెచ్చు ధరలున్న సగము పత్రముల సగటు గాని, రెండింటిలో నేది యెక్కువైన నది. క్రయపత్రములన్నియు నబద్ధములైనప్పుడు సగటును అబద్ధమే. 2024 ఫిబ్రవరి 21 న కోస్గిలో నారాయణపేట-కొడంగల్ ఎత్తిపోతల పథకమునకు శంకుస్థాపన జరిగినది. కాలువలకును జలాశయములకును పొలములు పోవు నీ ప్రాంతమున, నిన్న నల్లధనముతో ప్లాటు కొన్నవాడు మిగుల్చుకొన్న స్టాంపు ఖర్చును నేడు రైతు తన పరిహారములో చెల్లించుచున్నాడు.

లేఔటుల సంగతి వేఱొక కథ. అనుమతి లేని వెంచర్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషనును 2020 ఆగస్టు 26 న ప్రభుత్వ మాపివేసెను. వెంటనే క్రమబద్ధీకరణ పథకము వచ్చెను. వేయిరూపాయలు కట్టి దరఖాస్తు పెట్టినవారు సంవత్సరముల తరబడి వేచియుండిరి. 2025 లో నూటికి ఇరువదియైదు తగ్గింపు చూపి రుసుము కట్టుడనిరి. తప్పు చేసినది వెంచరు వేసినవాడు. రుసుము కట్టినది కొన్నవాడు.

మన పూర్వులకు క్రయవిక్రయములు తెలియవని యనుకొనువారు కౌటిల్యుని అర్థశాస్త్రము మూడవ అధికరణమున వాస్తువిక్రయ భాగమును చూడవలెను. ఇల్లు గాని నేల గాని అమ్మదలచినవాడు మొదట జ్ఞాతులకు, పిమ్మట ఇరుగుపొరుగువారికి, ఆ పిమ్మట ధనికులకు అవకాశమీయవలెను. నలువది కుటుంబముల పొరుగువారి యెదుట, ఆ యింటి ముందటనే వెల చాటవలెను. మూడుమాఱులు చాటినను ఆక్షేపించువాడు లేనప్పుడు కొనువాడు కొనవచ్చును. పోటీచే వెల పెరిగిన యెడల ఆ పెరిగిన మొత్తము సుంకముతో గూడ రాజు బొక్కసమునకు చేరవలెను. అనగా వెల బహిరంగము. ఎవ్వడును శ్రమింపకయే పెరిగిన వెల సమాజమునకు. 1879 లో అమెరికా దేశపు హెన్రీ జార్జి "ప్రోగ్రెస్ అండ్ పావర్టీ" యను గ్రంథమున వాదించినది ఇంచుమించు ఇదియే. కౌటిల్యుడు ఇరుగుపొరుగుల కొసగిన స్థానమున మనము కారులో వచ్చి పోవువానిని కూర్చుండబెట్టితిమి.

ఈ ధరల క్రింద నలిగిపోవునది నేతగాని యిల్లు. నేతగానికి ఇల్లే కార్ఖానా. నేలలో గుంట త్రవ్వి, దానిలో కాళ్లు దించి, కూర్చుండి నేయు మగ్గమది. ఒక్కమాఱు పడుగెక్కించిన ఎనిమిది చీరలు దిగును. షాబాదు బండలు పఱచిన యా పాత యిండ్లలో వెడల్పైన గది యుండుట విలాసము కొఱకు గాదు. ఇట్టి యిల్లు అమ్మి అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు అద్దె యింటికి పోయిన తమ్ముడు మగ్గ మెచ్చట దించును? గచ్చు త్రవ్వుటకు యజమాని యొప్పుకొనడు. 2015 లో వచ్చిన రెండు పడకగదుల యిండ్ల పథకమున పట్టణములలో అంతస్తులుగా కట్టిరి. మేడమీద గుంట యెట్లు త్రవ్వుదురు? 2025 జనవరి 26 న కోస్గి మండలము చంద్రవంచలో ఇందిరమ్మ యిండ్లు మొదలగు పథకములు ప్రారంభమైనవి. ఫిబ్రవరి 21 న నారాయణపేట మండలము అప్పక్‌పల్లిలో ఇంటికి శంకుస్థాపన జరిగినది. ఐదు లక్షల సాయము, నాలుగు విడతలలో. మంచిదే. కాని తొలివిడత స్వంత స్థలమున్నవారికే. స్థలము లేనివాడు మొదట గజము ధర దాటవలెను. ఆ ధర యీ సాయమును మ్రింగుటకు నోరు తెఱచుకొని కూర్చున్నది.

మేము కోరునవి గొప్ప కోరికలు గావు. పేటలో ప్రతినెల నెన్ని క్రయములు జరిగినవో, ఏ వార్డులో గజ మెంతకు వ్రాయబడెనో, వాటిలో నెన్ని ఏడాదిలోపల రెండవమాఱు చేతులు మాఱినవో, పేరులు లేకుండ సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమున తెలుగులో ప్రకటింపవలెను. పురపాలక సంఘమువారు ఏట నొకమాఱు వార్డువారిగా అద్దెలను, తాళము పడిన యిండ్లను లెక్కింపవలెను. చట్టము ఖాళీస్థలములపై పన్ను విధింప ననుమతించుచున్నది; దానిని ముందుగా ఎక్కువ ప్లాట్లు గలవారి వద్ద వసూలు చేయవలెను. నేతగాండ్ర కిచ్చు ఇండ్లలో మగ్గము గుంటకు నేలమీద స్థలముంచవలెను.

ధరలను బయటపెట్టిన యెడల వ్యాపారము పడిపోవునని యొక పెద్దమనిషి మాతో వాదించిరి. ఏ వ్యాపారమని మే మడిగితిమి. బట్టల కొట్టువాడు వెలచీటీ అతికించినందున బట్టలమ్ముట మానలేదు. బంగారపు ధర ప్రతిదినమును పత్రికలలో వచ్చుచున్నను పేటలోని బంగారు కొట్లు మూతపడలేదు. ఏ సరకు ధర నలుగురి యెదుట చెప్పినంతనే పడిపోవునో ఆ సరకు నమ్మువాడు కొనువానికి మొదటినుండి ఏమి చెప్పుచుండెనో ఆయనయే వివరింపవలెనని కోరితిమి. ఆయన కలెక్టరు కార్యాలయము దగ్గఱ రెండువందల గజములున్నవి, మీకైన తగ్గించి యిప్పింతునని యుత్తరమిచ్చిరి.