ధ్రువసముద్రపు మట్టి - లోహముల యాశ

నార్వే శాసనసభ 2024 జనవరి 9వ తేదీన ఆర్కిటిక్ ప్రాంతమున సుమారు 2,80,000 చదరపు కిలోమీటర్ల సముద్రగర్భమును ఖనిజాన్వేషణమునకు తెరచుటకు అంగీకరించెను. అనుకూలముగ 80 వోట్లు, ప్రతికూలముగ 20. ఆ డిసెంబరులోనే, ఆయవ్యయపట్టికకు మద్దతు నీయవలసిన యొక చిన్న వామపక్షము పట్టుపట్టుటచే, లైసెన్సుల పంపకము నిలిచిపోయెను. ఈ విరామమున, ఆ నీటి యడుగున నిజముగ నేమున్నదో విచారించుట యుక్తము.

ఈ యాశకు ముఖ్యకారణములలో నొకటి విరళమృత్తికలనబడు పదునేడు లోహములు. పేరునకే విరళములు, వీనిలో సీరియము భూమిపై రాగికి తీసిపోదు. నియోడిమియము నేటి బలమైన అయస్కాంతములకు ప్రాణము.

సైబీరియా నదులు ఉత్తరసముద్రమున కుప్పలుగా మట్టి పోయుచున్నవి. యెనిసీ నది పుతోరానా పీఠభూమి నల్లరాతిని అరగదీసి కారాసముద్రమునకు కొనిపోవుచున్నది. మట్టిలోని నియోడిమియము ఐసోటోపుల పాళ్లను బట్టి, అది యే నది తెచ్చినదో రసాయనజ్ఞులు పోల్చగలరు. మంచుగడ్డలలో చిక్కి గ్రీన్లాండు దరికి కొట్టుకొనిపోయిన మట్టియు తన పుట్టినిల్లు దాచలేదు. శాస్త్రజ్ఞునకిది నిధి, వర్తకునకు వట్టి బురద. ఏలయన నిందు లోహముల పాళ్లు మామూలు బంకరాతి పాళ్లను పెద్దగా మించవు. పసిఫికు నడుమ మట్టి వేయేండ్లకు కొన్ని మిల్లీమీటర్లే పేరును. అచ్చటి చేపల యెముకలు నీటిలోని లోహములను తీరికగా పీల్చుకొన్నవి. సైబీరియా తీరమున నా తీరిక యేది? సముద్రములోని కొండలపై పేరిన ఇనుము, మాంగనీసుల పెచ్చులలో సీరియము, స్కాండియము హెచ్చుగా నున్నమాట నిజము. కాని వేల మీటర్ల లోతున రాతికంటుకొన్న పెచ్చును గోకి తెచ్చి లాభము తీసినవారు లేరు.

అసలు కీలకము వేరు. ఈ లోహములు కవలలవంటివి. వీనిని విడదీయు కర్మాగారములలో అధికభాగము చీనాలో నున్నవి. అమెరికా తన మౌంటెన్ పాస్ గని ధాతువును సయితము కొన్ని సంవత్సరములు చీనాకే పంపెను. 2025 ఏప్రిల్ 4న ఏడు లోహముల యెగుమతికి అనుమతి కావలెనని చీనా శాసింపగా దేశదేశముల మోటారు కర్మాగారములు కలవరపడెను.

మనకిది క్రొత్తగాదు. 1909లో తిరువాన్కూరు ఇసుకలో మొనజైటును షోంబర్గను జర్మనుడు కనిపెట్టెను. గ్యాసుదీపపు మాంటిలుల కొరకు ఆ ఇసుక ఓడలకెక్కెను. భీమునిపట్టణపు తీరమునను మొనజైటు కలదు. స్వాల్‌బార్డులో 2008 నుండి మన హిమాద్రి పరిశోధనాలయము నడచుచున్నది. ధ్రువశాస్త్రమునకు మేము విరోధులము కాము. అయితే 2025 నవంబరులో కేంద్రమంత్రివర్గము అంగీకరించిన 7,280 కోట్ల రూపాయల అయస్కాంత పథకము ఆక్సైడుతో మొదలగుచున్నది. ఇసుకనుండి ఆక్సైడు వరకుగల త్రోవకెంత వ్యయపరచునో ప్రభుత్వము ముందు పార్లమెంటునకు తెలుపవలయును.